వంటింట్లోంచి టీవీ కనిపించేది కాదు

మా అమ్మ ఇన్నేళ్ళలో టీవీలో వంటల ప్రోగ్రాం ఒక్కటంటే ఒక్కటి కూడా మొదట్నుంచి చివరిదాకా కూర్చుని చూసుండదు. ఇష్టం లేక కాదండోయ్, పిచ్చి ఇష్టం. కానీ వాళ్ళు వేసే టైం చూడండి, చాలావరకు మధ్యాహ్నం భోజనాల ముందే. ఇంట్లో కుక్కర్ కూత పెట్టే టైం, నాన్న డ్యూటీలోంచి అన్నానికి వచ్చే టైం. ఆ టైంలో కాలు మీద కాలేసుకుని ముందుగదిలో కూర్చుని వంట నేర్చుకునే ఆడమనిషి ఎవరుంటారని ఆ ఛానెళ్ళ వాళ్ళు అనుకునేవారో నాకిప్పటికీ అర్థం కాదు. వంట చేసేవాళ్ళు వంటింట్లో ఉంటారు, టీవీ ఏమో ముందుగదిలో ఉంటుంది. ఈ చిన్న లెక్క ఎవరికీ తట్టలేదు.

మాది విశాఖపట్నంలో రైల్వే క్వార్టర్, దొండపర్తి వైపు. నాన్న వాల్తేరు డివిజన్లో పనిచేసేవారు (అప్పటికింకా అది సౌత్ ఈస్టర్న్ రైల్వేనే, ఈస్ట్ కోస్ట్‌లోకి మారింది 2003లో). ముందుగది, దాని వెనకాల పడగ్గది, ఆ వెనకాల చిన్న వరండా, వరండా దాటితే వంటిల్లు. టీవీ మాటలు వంటింట్లోకి వినిపించేవి కానీ బొమ్మ కనిపించేది కాదు. అంచేత మా అమ్మకి టీవీ వంట అంటే రేడియో కిందే లెక్క. నేను గుమ్మంలో నిలబడి రిపోర్టు ఇవ్వాలి. "ఇప్పుడేం వేసిందే?" "ఏదో ఎర్రగా ఉందమ్మా, కారం అనుకుంటా." "ఎంత?" "బోలెడు." "బోలెడంటే ఎంతే, చెంచాడా, గుప్పెడా?" ఈలోగా టీవీ ఆవిడ మూత పెట్టేసి ఇంకో వంటలోకి వెళ్ళిపోయేది, ఇక్కడ మా పప్పు అడుగంటేది, తిట్లు మాత్రం నాకు పడేవి.

ఆ వంటిల్లు గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే ఇప్పటి పిల్లలకి వంటిల్లంటే నాలుగు పక్కలా కబోర్డులు, మధ్యలో చిమ్నీ. మాది చిన్నది, నల్లటి కడపరాయి గట్టు, గట్టు కింద బియ్యం డ్రమ్ము, ఓ మూల నేలలోకి పాతిన రుబ్బురోలు, గోడకి మేకు, మేకుకి చిల్లుల గరిటె, అట్లకాడ. ఇంకో మూల ఆవకాయ జాడీలు, వాటికి కట్టిన పాత చీర ముక్కలు. పొగకి గోడ ఎప్పుడూ ఓ రకం గోధుమరంగులో ఉండేది, ఏటా సంక్రాంతికి సున్నం వేస్తే ఉగాదికల్లా మళ్ళీ అదే రంగు. పైగా వైజాగ్‌లో వంటిల్లు నడపడమంటే సముద్రంతో కాపరం చెయ్యడమే. ఉప్పు జాడీ మూత తీస్తే అడుగున నీళ్ళు. అందులో గుప్పెడు బియ్యపు గింజలు వేసేది అమ్మ, తేమ పీలుస్తాయని. అగ్గిపెట్టె గట్టు మీద పెడితే సాయంత్రానికి పుల్ల గియ్యదు, అందుకని పొయ్యి పక్కన వెచ్చగా ఉండే చోటే దాని స్థానం. అప్పడాలు, వడియాలు డబ్బాలో పెట్టి మూత బిగించి పైన ఇంకో గుడ్డ చుట్టినా సరే శ్రావణం వచ్చేసరికి మెత్తగా కాగితాల్లా అయిపోయేవి. ఇనప పెనం వాడాక నూనె రాసి పెట్టకపోతే తెల్లారేసరికి తుప్పు. టీవీలో ఎవరూ ఇవి చెప్పరు. హైదరాబాద్‌లో కూర్చున్న వాళ్ళకి ఉప్పు నీరవడం ఏం తెలుస్తుంది చెప్పండి.

అల్లిపురంలో మామ్మ వాళ్ళింట్లో అయితే రంపప్పొట్టు పొయ్యి ఉండేది. కర్రల అడితిలో గోనెసంచీతో పొట్టు తెచ్చేవాళ్ళు. రేకు డబ్బాకి అడుగున పక్కగా ఓ కన్నం, ఆ కన్నంలోంచి ఓ కర్ర అడ్డంగా, డబ్బా నడిమధ్యలో ఓ సీసా నిలువుగా పెట్టి, చుట్టూ పొట్టు పోసి, కొంచెం కొంచెంగా గట్టిగా దట్టించాలి. తర్వాత సీసాని మెల్లిగా తిప్పుతూ పైకి లాగాలి, కర్రని బయటికి లాగాలి, ఊపిరి బిగబట్టుకుని. లోపల గొట్టంలాంటి దారి మిగులుతుంది, కింద నిప్పు పెడితే రెండు మూడు గంటలు దాని మానాన అది మండుతుంది, అన్నం, పప్పు, పులుసు, తర్వాత స్నానాలకి నీళ్ళు కూడా. దట్టించడం సరిగ్గా కుదరకపోతే మాత్రం సగం వంటలో లోపలికి కూలిపోయి ఇల్లంతా పొగ. మామ్మ ఆ సీసా లాగేటప్పుడు ఎవర్నీ మాట్లాడనిచ్చేది కాదు. ఆవిడ ముఖంలో అంత శ్రద్ధ నేను గుళ్ళో కూడా చూళ్ళేదు.

మాకు గ్యాస్ వచ్చింది నేను చిన్న క్లాసుల్లో ఉండగా, పేరు రాయించుకుని ఏళ్ళ తరబడి ఎదురుచూశాక. ఒకటే సిలిండర్. అది అయిపోతే మళ్ళీ వచ్చేదాకా కిరసనాయిలు పోసిన నూతన్ స్టవ్వే గతి, దాని ఒత్తులు సర్దడం నాన్న డ్యూటీ. సిలిండర్ వచ్చిన రోజు దానికి బొట్టు పెట్టి మరీ లోపలికి తెచ్చింది అమ్మ.

తర్వాత 1997 వచ్చింది. సెప్టెంబర్ 14, ఆదివారం పొద్దున్న. మా వయసు వైజాగ్ వాళ్ళెవరికీ ఆ తేదీ గుర్తు చెయ్యక్కర్లేదు. మల్కాపురం వైపు రిఫైనరీలో వంటగ్యాస్ అంటుకుని పేలుళ్ళు. ఆకాశం నల్లగా అయిపోయింది, ఊరంతా పేలిపోతుందని ఎవరో అన్నారు, అంతే, జనం దొరికిన బండెక్కి పోయారు. మేం సింహాచలం వైపు పెద్దమ్మ వాళ్ళింటికి వెళ్ళాం. తలుపు తాళం వెయ్యడం మర్చిపోయి వెనక్కొచ్చిన అమ్మ, ముందు వంటింట్లోకెళ్ళి రెగ్యులేటర్ కట్టేసి, ఆ తర్వాతే తాళం వేసింది. యాభై మందికి పైగా పోయారు ఆ ప్రమాదంలో. ఊరు మెల్లిగా మామూలైంది కానీ మా అమ్మ కాలేదు. ఆ తర్వాత చాన్నాళ్ళు స్టవ్ వెలిగించేటప్పుడు మొహం పక్కకి తిప్పుకునేది. రాత్రి పడుకునే ముందు ఓసారి రెగ్యులేటర్ చూసేది, పడుకున్నాక లేచి వెళ్ళి మళ్ళీ చూసేది. ఇప్పటికీ చూస్తుంది. టీవీలో వంటలావిడ "ఇప్పుడు స్టవ్ ఆఫ్ చేసుకుందామండీ" అని నవ్వుతూ అనగానే లోపల్నుంచి మా అమ్మ కేక వినపడేది, "రెగ్యులేటర్ కట్టమ్మా తల్లీ!" అని. అప్పుడు మాకు నవ్వొచ్చేది.

టీవీ వంటలతో అమ్మకి మొదటి పరిచయం మాత్రం తెలుగులో కాదు. కేబుల్ వచ్చిన కొత్తల్లో, జీ టీవీలో ఖానా ఖజానా. 1993లో మొదలైందది. సంజీవ్ కపూర్. అమ్మకి హిందీ ముక్క రాదు, ఆయన్ని "ఆ నవ్వులబ్బాయి" అనేది. ఇస్త్రీ బట్టలేసుకున్న మగాడు స్టవ్ దగ్గర నిలబడి, చెమట చుక్క లేకుండా, నవ్వుతూ వంట చెయ్యడం మా కాలనీలో పెద్ద వింత. పెళ్ళిళ్ళలో గాడిపొయ్యి దగ్గర మగవాళ్ళు వండటం అందరం చూసిందే, కానీ అది వేరు. నాన్న ఓసారి చూసి "వాడికి దానికి జీతమిస్తారే" అని పేపర్లో తల దూర్చేశారు. ఆ మాటకి అమ్మ వంటింట్లోంచి ఏం జవాబు చెప్పిందో నాన్నకి వినపడలేదు, నాకు వినపడింది, ఇక్కడ రాయను.

హిందీ అర్థం చెప్పడానికి పక్క క్వార్టర్ బెంగాలీ ఆంటీ వచ్చేవారు. వాళ్ళది ఖరగ్‌పూర్, ఆవిడ తెలుగు కూడా హిందీలాగే ఉండేది. కానీ వంట భాషకి అంత తెలుగు అక్కర్లేదు, ధనియా, జీరా, హల్దీ అని ఆవిడ చూపిస్తే అమ్మ డబ్బాలు తీసేది. అసలు చదువు టీవీ కట్టేశాక మొదలయ్యేది. వాళ్ళది ఆవాల దేశం, మాదీ ఆవాల దేశమే. మా ఇంట్లో అరటికాయో, పనసపొట్టో, కందో ఏదైనా సరే ఆవ పెట్టకుండా పండగ గడవదు, వాళ్ళింట్లో ఆవముద్ద లేకుండా చేప వండరు. నానబెట్టిన ఆవాలు నూరేటప్పుడు కాస్త ఉప్పు, పచ్చిమిరపకాయ వేసి నూరితే చేదెక్కదని ఆవిడ చెప్తే, ఆవ ఎప్పుడూ కూర దింపాకే కలపాలి, పొయ్యి మీద ఉడకనిస్తే చేదొచ్చేస్తుందని అమ్మ చెప్పేది. ఇద్దరూ సన్నికల్లు ముందు గొంతుక్కూర్చుని, ఒకళ్ళు నూరుతుంటే ఇంకొకళ్ళు ముక్కు దగ్గర పెట్టుకుని ఘాటు చూసి, కళ్ళల్లో నీళ్ళొచ్చాక "ఆఁ, ఇప్పుడు" అనుకునేవాళ్ళు. ఆ నవ్వులబ్బాయి ఏం వండాడో ఇద్దరిలో ఒక్కరికీ గుర్తుండేది కాదు. వాళ్ళ ఆవనూనె వాసన మాత్రం అమ్మకి పడేది కాదు, ఆంటీ వెళ్ళాక కిటికీలన్నీ తీసేది, అదీ ఆవిడకి తెలియకుండా.

1995లో జెమినీ, ఈటీవీ వచ్చాక వంటలు తెలుగులో మాట్లాడటం మొదలెట్టాయి. అప్పట్నుంచి నాకు ప్రమోషన్, రిపోర్టర్ నుంచి గుమస్తాగా. నాన్న తెచ్చిన పాత రైల్వే డైరీలో రెసిపీలు రాయాలి. టీవీవాళ్ళు చెప్పే స్పీడుకి పెన్ను ఆగేది కాదు, మధ్యలో ప్రకటనలు, మధ్యలో కరెంటు. మొన్న ఆ డైరీ దొరికింది. పసుపు మరకలు, నూనె వేళ్ళ గుర్తులు. ఒక పేజీలో "గోబీ 65" అని హెడ్డింగ్ పెట్టి, ఉడకబెట్టిన పువ్వు దాకా రాసి, కింద "కరెంటు పోయింది" అని నా చేతిరాత. ఇంకో పేజీలో "ఓవెన్‌లో 180 డిగ్రీల దగ్గర" అని నేను రాస్తే, పక్కన అమ్మ పెన్సిల్‌తో "మనకి లేదు" అని రాసింది. అలాంటి "మనకి లేదు"లు ఆ డైరీ నిండా ఉన్నాయి, చీజ్ దగ్గర, మష్రూమ్ దగ్గర, సోయా సాస్ దగ్గర. సగానికి పైగా రెసిపీలు అమ్మ ఎప్పుడూ చెయ్యలేదు. కానీ రాయడం మాత్రం ఆపనివ్వలేదు. ఎందుకమ్మా చెయ్యనివన్నీ అని విసుక్కుంటే "ఉండనీవే, నీకేం పోయింది" అనేది.

నేను చాలాకాలం ఇదేదో వంట మీద మోజనుకున్నాను గానీ ఇప్పుడు చూస్తే అది కాదనిపిస్తుంది. పొద్దున అయిదింటి నుంచి ఒంటరిగా ఆ గోధుమరంగు గదిలో తిరిగే మనిషికి, ఉల్లిపాయ ఎంత సన్నగా తరగాలి, పోపు ఎప్పుడు దింపాలి అన్న విషయాల మీద మాట్లాడే ఇంకో మనిషి దొరికింది. ఇంట్లో మేమెవరం ఆ కబుర్లు మాట్లాడేవాళ్ళం కాదు, తిని లేచి వెళ్ళిపోయేవాళ్ళం. అందుకే అమ్మ టీవీకి జవాబులు చెప్పేది, వాదించేది. "అంత నూనా!" "అల్లం తొక్క తియ్యలేదేంటమ్మా." "చింతపండు నానబెట్టి ఎంతసేపయింది, అప్పుడే గుజ్జొచ్చేసిందా?"

అంట్లు తోమడానికి వచ్చే అప్ప అయితే అసలు ప్రశ్న అడిగింది. ఓ రోజు గుమ్మంలో నిలబడి టీవీ చూస్తోంది. అక్కడ బల్ల మీద చిన్న చిన్న గాజు గిన్నెలు, ఉప్పుకొకటి, కారానికొకటి, కొత్తిమీరకొకటి. అంతా చూసి "ఏటమ్మా, సిటికెడు పసుపుకి కూడా ఒక గిన్నేటి? అయ్యన్నీ ఎవులు తోంతారు?" అంది. టీవీ వంటల మీద నేను విన్న విమర్శల్లో ఇంతకి మించింది లేదు. అప్పకి 1999లో దీపం పథకం (పేద ఆడవాళ్ళకి ప్రభుత్వం గ్యాస్ ఇప్పించేది) కింద గ్యాస్ కనెక్షన్ వచ్చింది, ఆ వెలిగించడం నేర్పింది మా అమ్మే, మొదటి పాఠం ఏంటో మీకు చెప్పక్కర్లేదు, రెగ్యులేటర్.

నాకు ఆ ప్రోగ్రాముల మీద ఓ కోపం మాత్రం ఉండిపోయింది. వాటిల్లో మా తిండి ఉండేది కాదు. చోడి (రాగి) అంబలి ఉండేది కాదు. నువ్వుపిండి వేసిన కూర, అనకాపల్లి బెల్లం ముక్క పడితేగానీ పులుసు అనిపించుకోని పులుసు, నెత్తళ్ళ వేపుడు, ఎండుచేప వంకాయ, ఇవేవీ కనపడేవి కావు. పూర్ణా మార్కెట్లో పొద్దున్నే గంపల్లో దొరికేవి ఒకటి, టీవీలో వండేవి ఇంకొకటి. పన్నీరు, క్యాప్సికం, బేబీ కార్న్. మా కాలనీలో బేబీ కార్న్ చూసినవాళ్ళు లేరు, కానీ దాంతో చేసే వేపుడు డైరీలో రెండుచోట్ల ఉంది.

ఆ కోపానికి అసలు కారణం ఒకటుంది, అది చెప్తా. ఓ ఛానెల్ వాళ్ళు (పేరెందుకులెండి) ఊరూరా తిరిగి ఆడవాళ్ళ చేత వంట చేయించి చూపించే ప్రోగ్రాం ఒకటి పెట్టారు. మా కాలనీకి కూడా వచ్చారు. అందరూ ఒక్క మాట మీద ఎదురింటి పిన్నిగారి పేరు చెప్పారు. ఆవిడది విజయనగరం వైపు, ఆవిడ కంద బచ్చలి కూరకి కాలనీలో ఎదురు లేదు. ఆవ ఎంత పెట్టాలో, నిమ్మకాయ ఎప్పుడు పిండాలో ఆవిడ చేతికే తెలుసు, మా అమ్మ కూడా ఒప్పుకునేది, మా అమ్మ అంత తేలిగ్గా ఎవర్నీ ఒప్పుకునే రకం కాదు. పిన్నిగారు ముందురోజే మార్కెట్‌కి వెళ్ళి లేత బచ్చలి ఏరి తెచ్చుకున్నారు. గంజి పెట్టి చీర ఇస్త్రీకి ఇచ్చారు.

టీవీవాళ్ళు వచ్చి వంటిల్లు చూశారు. గోడ చూశారు. ఒకాయన ఇంకొకాయన చెవిలో ఏదో అన్నాడు. పొగచూరిన గోడ కెమెరాలో బాగోదట. మొత్తానికి ఆఫీసరుగారి బంగళాలో తెల్ల టైల్స్ ఉన్నాయని తెలిసి అక్కడికి మార్చారు. అంటే పిన్నిగారు తనది కాని వంటింట్లో, గరిటె ఎక్కడుందో తెలియని చోట, నాలుగు బర్నర్ల స్టవ్ ముందు నిలబడ్డారు. తర్వాత కూర సంగతి. "కంద బచ్చలి అందరికీ తెలిసిందే కదమ్మా, ఏదైనా వెరైటీగా" అన్నారు. చివరికి వాళ్ళలో ఒకమ్మాయే చెప్పింది, బ్రెడ్ మంచూరియా చేద్దామని. సాసులు కూడా వాళ్ళ వ్యాన్‌లోనే ఉన్నాయి. పిన్నిగారు బ్రెడ్డుని అంతకుముందు జ్వరం వచ్చినవాళ్ళకి పాలల్లో ముంచి పెట్టడం తప్ప ఇంకేం చేసి ఎరగరు. ఆ అమ్మాయి కెమెరా వెనకాల నిలబడి చెప్తుంటే ఈవిడ చేశారు. యాంకర్ ముక్క నోట్లో పెట్టుకుని కళ్ళు మూసి "వావ్, సూపర్బ్ ఆంటీ, మీ స్పెషల్ అంట కదా ఇది!" అంది. పిన్నిగారు తల ఊపారు. ఇంకేం చేస్తారు పాపం.

అది టీవీలో వేసిన రోజు కాలనీ అంతా మా ఇంట్లోనే. మాది కలర్ టీవీ, కొంచెం పెద్దది. ముందుగదిలో, పడగ్గది గుమ్మంలో, కిటికీ బయట కూడా జనం. మా అమ్మ? వంటింట్లో. వచ్చినవాళ్ళందరికీ టీ పెట్టొద్దూ మరి. ఆవిడ ట్రే పట్టుకుని వచ్చేసరికి యాంకర్ కళ్ళు మూసుకుంటోంది. పిన్నిగారి అత్తగారు "ఈ కూరేదో నాకెప్పుడూ పెట్టలేదేటే" అన్నారు, అందరూ నవ్వారు. పిన్నిగారు మాత్రం టీవీలో తన చేతుల్నే చూస్తున్నారు, దగ్గరగా చూపించారు కదా, గరిటె పట్టుకున్న చేతులు, కాలిన మచ్చలతో సహా. "నా చేతులు అంత నల్లగా ఉంటాయా వదినా?" అని అమ్మని అడిగారు. అమ్మ "లైట్లమ్మా, ఆ లైట్లకి అలా కనపడతాయి" అంది. ఆ సాయంత్రం పిన్నిగారింట్లోంచి మాకో గిన్నె వచ్చింది, కంద బచ్చలి. ఆ రోజు ఆవ ఎక్కువ పడింది, ముక్కు పగిలిపోయింది, ఎవరూ ఏమీ అనకుండా తిన్నాం.

ఆ సాసుల కంపెనీ వాళ్ళిచ్చిన గిఫ్ట్ ప్యాకెట్ చాలాకాలం ఆవిడ షోకేసులో ఉండేది, సీల్ కూడా తియ్యకుండా.

నాన్న రిటైరయ్యాక మురళీనగర్‌లో ఫ్లాట్. తమ్ముడు మోజుపడి ఓపెన్ కిచెన్ పెట్టించాడు. అంటే ఇన్నాళ్ళకి గట్టు దగ్గర నిలబడితే ఎదురుగా టీవీ కనిపిస్తుంది! మేమంతా ఇంక అమ్మ హాయిగా చూసుకుంటుంది అనుకున్నాం. నెల తిరక్కుండా అడ్డంగా కర్టెన్ కట్టించింది. వంజరం వేయిస్తే సోఫాలన్నీ వాసన, పోపు పెడితే ముందుగదిలో అందరికీ తుమ్ములు, పైగా వచ్చినవాళ్ళందరి ముందూ వంట చెయ్యడం ఏంటి, సర్కస్‌లోలాగా అని. ఆవిడ అన్నదాంట్లో తప్పేం లేదు, మన తాలింపులకి ఆ ఓపెన్ కిచెన్లు ఎవడు కనిపెట్టాడో గానీ చేప తినే ఊళ్ళో కట్టాల్సినవి కావు. 2015లో ఈటీవీ అభిరుచి అని వంటలకే ఒక ఛానెల్ వచ్చింది, రోజంతా వంటలే. అమ్మ మొదట్లో సంబరపడి తర్వాత పట్టించుకోవడం మానేసింది. ఎప్పుడు పెట్టినా వస్తుంది కదా, తర్వాత చూద్దాంలే అని. 2021లో జెమినీలో మాస్టర్‌చెఫ్ వచ్చినప్పుడు తమన్నా కోసం తమ్ముడి పిల్లలు చూసేవాళ్ళు, అమ్మ ఒక ఎపిసోడ్ ముక్క చూసి, జడ్జీలు చెంచా చివర రవ్వంత తీసుకుని మొహం అదోలా పెట్టడం చూసి, "అన్నం పెట్టినవాళ్ళ ముందు అలా మొహం పెట్టకూడదు" అని లేచి వెళ్ళిపోయింది.

మధ్యలో హుద్‌హుద్ చెప్పకపోతే కుదరదు. 2014 అక్టోబర్ 12. తుఫాను సరాసరి ఊరి మీదే తీరం దాటింది. చెట్లు, స్తంభాలు, హోర్డింగులు అన్నీ నేలమట్టం. రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు లేవు, టీవీ మాట దేవుడెరుగు, పాల ప్యాకెట్‌కి క్యూ. అపార్ట్‌మెంట్లో అందరి మిక్సీలూ మూలపడ్డాయి. మా ఇంట్లో మాత్రం రోలు ఉంది. క్వార్టర్‌లో నేలలో పాతింది ఖాళీ చేసేటప్పుడు అమ్మ తవ్వించి మరీ తెచ్చుకుంది, మోసిన తమ్ముడు ఆ నడుం నొప్పి గురించి ఇప్పటికీ చెప్తాడు. బాల్కనీలో పెట్టి అందులో తులసి మొక్క వెయ్యాలని కోడలి ప్లాను. తుఫాను వెళ్ళిన మర్నాటి నుంచి ఆ రోలు దగ్గర తిరణాల. పై ఫ్లోర్లలోంచి కొత్తగా పెళ్ళయిన పిల్లలు గిన్నెల్లో నానబెట్టిన పప్పు పట్టుకుని దిగొచ్చేవాళ్ళు. వాళ్ళల్లో ఒకమ్మాయికి పొత్రం ఎటు తిప్పాలో తెలీదు, చెయ్యి నలుగుతుందని భయం. అమ్మ పీట వేసుకుని కూర్చుని, కుడిచేత్తో పొత్రం తిప్పుతూ ఎడంచేత్తో పిండి లోపలికి తోస్తూ, ఆ రెండు చేతులూ ఒకదానికొకటి తగలకుండా ఎలా తిరగాలో చూపిస్తూ, ఉన్నట్టుండి టీవీ ఆవిడ గొంతు పెట్టి, "ఇప్పుడు కొద్దిగా నీళ్ళు చిలకరించుకుందామండీ, చూశారా ఎంత చక్కగా నలుగుతోందో, బ్రేక్ తర్వాత మళ్ళీ కలుద్దాం" అంది. అందరూ పడీ పడీ నవ్వారు. ఇన్నేళ్ళూ రేడియోలా విన్నదంతా లోపల ఎక్కడ దాచుకుందో! తర్వాత రోజుల్లో పిల్లలు కావాలని అడిగి మరీ చేయించుకునేవాళ్ళు, "ఆంటీ, ఈ రోజు స్పెషలేంటండీ" అని యాంకర్‌లా. కరెంటు వచ్చాక ఎవరి మిక్సీ వాళ్ళది అయిపోయింది. రోలు మళ్ళీ బాల్కనీలో. తులసి మొక్క మాత్రం వెయ్యనివ్వలేదు.

ఇప్పుడు ఫోన్ల కాలం. పోపులడబ్బాకి ఆనించి ఫోన్ పెట్టుకుని వంట చేస్తున్నాం అందరం, నేనూ అంతే. వారెవా చెఫ్ సంజయ్ తుమ్మతో మొదలై ఇప్పుడు ఊరికో పదిమంది. అమ్మకి ఫోన్ అలవాటు చేసింది మస్తానమ్మ గారు. గుంటూరు వైపు ముసలావిడ, నూరేళ్ళు దాటిన మనిషి, కంట్రీ ఫుడ్స్ అని వాళ్ళ మునిమనవడు, అతని స్నేహితుడు కలిసి పెట్టిన ఛానెల్. పొలంలో కట్టెల పొయ్యి మీద, అల్లం పొట్టు గోళ్ళతో గీకేసి, అన్నీ చేత్తోనే. ఆవిడ్ని చూసినప్పుడు మాత్రం అమ్మ జవాబులు చెప్పలేదు, వంకలు పెట్టలేదు, ఊరికే చూసేది. 2018 డిసెంబర్లో ఆవిడ పోయారని తెలిసి, ఆ పూట అన్నం వండలేదు, ఉప్మా చేసింది. తర్వాత గ్రాండ్‌పా కిచెన్ నారాయణరెడ్డి తాత, పెద్ద పెద్ద గుండిగలతో వండి పిల్లలకి పెట్టేవారు, ఆయనా 2019లో పోయారు. "మంచివాళ్ళందరూ పోతున్నారు, ఈ సాసులవాళ్ళు మిగుల్తున్నారు" అంది అమ్మ. పిన్నిగారి మంచూరియా ఇంకా మర్చిపోలేదన్నమాట.

ఈ మధ్య ఓ అమ్మాయి ఛానెల్ పట్టుకుంది. చిన్నపిల్ల, మన వైపు యాసే, చోడి అంబలి చూపిస్తుంది, నెత్తళ్ళు చూపిస్తుంది, వెనకాల గోడ కూడా మామూలు గోడే. మొన్న పులిహోర చేసింది. వీడియో అయ్యాక అమ్మ ఫోన్ నా చేతిలో పెట్టి, "కింద రాయొచ్చంట కదే, రాయి. పులిహోర పోపులో ఇంగువ మర్చిపోయావమ్మా అని రాయి. కోప్పడినట్టు కాకుండా రాయి" అంది. రాశాను. అప్పట్నుంచి పూటకోసారి అడిగేది, ఏమన్నా వచ్చిందా అని. ఓ రోజు చూస్తే ఆ అమ్మాయి మా కామెంట్‌కి ఎర్రటి గుండె బొమ్మ పెట్టింది. చూపించాను. అమ్మ కళ్ళజోడు పెట్టుకుని, ఫోన్ దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది.

"బొమ్మ సరేనే, ఇంతకీ ఇంగువ వేసిందా లేదా?"